తాళం వేసిన నిల్వ – మందగించిన వేగం: ఎన్‌క్రిప్షన్ నిల్వల చరిత్ర (1977–2020) ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటరులోని సమాచారాన్ని ఇతరులు చదవడానికి వీలులేకుండా గూఢలిపిలోకి మార్చి దాచే పద్ధతిని ఎన్‌క్రిప్షన్ అంటారు. ఇలా భద్రపరచిన నిల్వలోకి పెద్ద దస్త్రాలను డౌన్‌లోడ్ చేసేటప్పుడు కంప్యూటరు మందగించడం వినియోగదారులకు చిరపరిచితమైన అనుభవం. ఈ మందగమనానికి గూఢలిపి గణితమే కారణమన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. 1977 నుంచి 2020 వరకు జరిగిన ముఖ్య పరిణామాలను కాలక్రమంలో పరిశీలించి, ఆ అభిప్రాయం పాక్షిక సత్యమేనని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. మందగమనానికి కారణం కాలానుగుణంగా గణితం నుంచి చిప్‌కు, చిప్ నుంచి పనుల వరుసకు మారుతూ వచ్చిందని, ఆ భారం మాత్రం ఎక్కువగా తక్కువ ధర పరికరాలు వాడేవారిపైనే పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎన్‌క్రిప్షన్, గూఢలిపి, డి.ఇ.ఎస్., ఏ.ఇ.ఎస్., డిస్క్ భద్రత, డౌన్‌లోడ్ వేగం, బిట్‌లాకర్, డిఎం-క్రిప్ట్, అడియాంటమ్.

1. ఉపోద్ఘాతం:

విలువైన వస్తువును దాచుకోవడానికి తాళం వేయడం మానవ నాగరికతలో ప్రాచీనమైన అలవాటు. ఇనప్పెట్టెకు వేసే తాళానికీ కంప్యూటరు నిల్వకు వేసే తాళానికీ ఒక మౌలిక భేదం ఉంది. ఇనప్పెట్టెను ఒకసారి తెరిస్తే లోపలి వస్తువులన్నీ ఉన్న రూపంలోనే చేతికి వస్తాయి. ఎన్‌క్రిప్షన్ నిల్వలో అలా కాదు. యజమాని సంకేతపదం ఇచ్చి నిల్వను తెరిచిన తరువాత కూడా లోపలికి వెళ్లే ప్రతి అక్షరమూ గూఢలిపిగా మారాలి. బయటికి వచ్చే ప్రతి అక్షరమూ తిరిగి మామూలు రూపం దాల్చాలి. అంటే ఈ తాళం తలుపుకు మాత్రమే వేసింది కాదు. లోపల ఉన్న ప్రతి గింజకూ విడివిడిగా వేసింది.

ఈ నిరంతర శ్రమకు మూల్యం ఉంటుంది. ఆ మూల్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంత చెల్లించారన్నది సాంకేతిక ప్రశ్నగా కనిపించినా, దానికి ఒక సామాజిక పార్శ్వం కూడా ఉంది. భద్రత వల్ల పని మందగించినప్పుడు వినియోగదారుడు సాధారణంగా భద్రతనే తొలగిస్తాడు. కాబట్టి వేగానికి సంబంధించిన చరిత్ర అంతిమంగా భద్రత ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న చరిత్ర అవుతుంది. ఈ దృష్టితోనే ఇక్కడ విషయాన్ని పరిశీలించడం జరిగింది.

2. డౌన్‌లోడ్ ప్రక్రియ – అంతర్గత దశలు:

చరిత్రలోకి వెళ్లేముందు డౌన్‌లోడ్ సమయంలో కంప్యూటరు లోపల జరిగే పనిని స్థూలంగా తెలుసుకోవడం అవసరం. నేటి వెబ్‌సైట్లలో అత్యధిక భాగం సమాచారాన్ని గూఢలిపిలోనే పంపుతాయి. అలా వచ్చిన సమాచారాన్ని ప్రాసెసర్ ముందుగా మామూలు రూపంలోకి మారుస్తుంది. వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ ఉంటే అది ఒకసారి పరిశీలిస్తుంది. తరువాత ఆ సమాచారం తాత్కాలికంగా ర్యామ్‌లో చేరుతుంది. అక్కడి నుంచి డిస్క్‌కు వెళ్లేటప్పుడు మళ్లీ గూఢలిపిగా మారుతుంది. అంటే దారిలో వేసుకొచ్చిన తాళాన్ని గుమ్మం దగ్గర విప్పి, ఇంట్లో మరో తాళం వేసినట్లు ఒకే దస్త్రానికి రెండు వేర్వేరు గూఢలిపి ప్రక్రియలు జరుగుతాయి.

ఇందులో ర్యామ్ పాత్ర కీలకమైంది. కొళాయి నీరు ముందు గాబులో నిండి, గాబు నుంచి బిందెలకు చేరినట్లు, నెట్‌వర్క్ నుంచి వచ్చిన సమాచారం ముందు ర్యామ్‌లో నిలిచి ఆపైన డిస్క్‌కు చేరుతుంది. గాబు ఖాళీగా ఉన్నంతసేపు అంతా వేగంగానే కనిపిస్తుంది. బిందెలు నింపే పని కొళాయి ధార కంటే నెమ్మదిగా సాగితే కొంతసేపటికి గాబు నిండిపోతుంది. అప్పుడు డౌన్‌లోడ్ ఒక్కటే ఆగితే ఇబ్బంది తక్కువే. కానీ అదే డిస్క్ మీద ఆధారపడిన ఇతర పనులు కూడా తమ వంతు కోసం వేచి ఉండవలసి వస్తుంది. మౌస్ కదిలినా కిటికీలు తెరుచుకోకపోవడం, టైపు చేసిన అక్షరం ఆలస్యంగా కనిపించడం వంటి లక్షణాలకు తరచుగా ఇదే మూలం. డౌన్‌లోడ్ మొదలైన వెంటనే కాక కొంతసేపటి తరువాత మందగమనం మొదలవడానికి కూడా ఇదే కారణం.

పై వివరణను బట్టి వేగాన్ని నిర్ణయించే అంశాలు నాలుగని చెప్పవచ్చు. అవి: నెట్‌వర్క్ వేగం, గూఢలిపి ప్రక్రియ వేగం, డిస్క్ వేగం, వీటి మధ్య పనుల్ని పంచే ఆపరేటింగ్ సిస్టమ్ తీరు. ఈ నాలుగింటిలో ఏది బలహీనమైతే మొత్తం వేగం దాని స్థాయికి పడిపోతుంది. చరిత్రలో ఈ బలహీనస్థానం ఎలా మారుతూ వచ్చిందో తరువాతి భాగాల్లో చూడవచ్చు.

3. తొలి దశ – డి.ఇ.ఎస్. నుంచి సి.ఎఫ్.ఎస్. వరకు (1977–1993):

ఐ.బి.ఎం. సంస్థలో హార్స్ట్ ఫైస్టెల్ మొదలైనవారు రూపొందించిన 'లూసిఫర్' పద్ధతి ఆధారంగా తయారైన డి.ఇ.ఎస్. గూఢలిపిని అమెరికా ప్రభుత్వం 1977లో ప్రమాణంగా ప్రకటించింది. 64 బిట్ల ఖండాలుగా సమాచారాన్ని తీసుకొని 56 బిట్ల తాళపుచెవితో మార్చడం దీని పద్ధతి. తొలి ప్రమాణపత్రం దీనిని ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే అమలు చేయాలని నిర్దేశించింది. సాఫ్ట్‌వేర్ అమలుకు ప్రమాణపరమైన అనుమతి 1993లో జరిగిన సవరణతోనే లభించింది.

ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచన డి.ఇ.ఎస్. నిర్మాణంలోనూ కనిపిస్తుంది. ఒక ఖండంలోని బిట్ల స్థానాలను తారుమారు చేయడం అందులో ముఖ్యమైన భాగం. చిప్‌లో ఈ పనికి తీగల అమరిక మార్చితే చాలు. అదనపు సమయం దాదాపు అవసరం లేదు. సాధారణ ప్రాసెసర్ మీద అదే పనికి అనేక ఆదేశాలు కావాలి. చిప్ కోసం రూపొందిన గూఢలిపిని సాఫ్ట్‌వేర్‌తో నడిపించడమే తొలినాటి మందగమనానికి మూలమని దీనివల్ల అవగతమవుతుంది.

ఈ నేపథ్యంలో ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌కు చెందిన మాట్ బ్లేజ్ 1993లో ప్రకటించిన సి.ఎఫ్.ఎస్. ప్రత్యేకంగా పేర్కొనదగింది. యూనిక్స్ కంప్యూటర్లలో వినియోగదారుడు ఎంచుకున్న ఫోల్డర్‌లోని దస్త్రాలన్నీ తమంతట తామే గూఢలిపిగా మారేలా ఆయన దీనిని రూపొందించారు. అప్పటిదాకా ఒక్కొక్క దస్త్రానికి విడిగా ఆజ్ఞ ఇచ్చి గూఢలిపిగా మార్చుకోవలసి వచ్చేది. వినియోగదారుడు మరచిపోతే భద్రత లేనట్లే. ఆ శ్రమను యంత్రానికి అప్పగించడం సి.ఎఫ్.ఎస్. సాధించిన ముందడుగు.

అయితే ఇది కెర్నల్‌లో భాగంగా కాక, అదే యంత్రంలో నడిచే ఒక నెట్‌వర్క్ దస్త్రాల సేవగా పనిచేసేది. అందువల్ల సమాచారం కెర్నల్‌కూ ఆ సేవకూ మధ్య పలుమార్లు అటూ ఇటూ తిరగవలసి వచ్చేది. గూఢలిపి భారాన్ని తగ్గించడానికి బ్లేజ్ ఒక ఉపాయం అనుసరించారు. నిల్వను తెరిచే సమయంలోనే డి.ఇ.ఎస్. సహాయంతో అర మెగాబైటు పరిమాణం గల యాదృచ్ఛిక బిట్ల సముదాయాన్ని ముందుగా లెక్కించి ఉంచారు. దీంతో చదవడం, రాయడం జరిగే సమయంలో ప్రతి ఖండానికీ ఒక్క డి.ఇ.ఎస్. ప్రక్రియ సరిపోయింది. నిల్వను తెరిచేటప్పుడు కొన్ని క్షణాల నిరీక్షణను అంగీకరించి, పనివేళల్లో వేగాన్ని కాపాడడం ఇందులోని వ్యూహం. వినియోగదారుడి ఓర్పును ఎక్కడ ఖర్చు చేయాలన్న ఆలోచన ఎన్‌క్రిప్షన్ నిల్వల చరిత్రలో అంత తొలినాళ్లలోనే ఉండడం గమనార్హం.

4. వేగం ఒక కొలమానంగా – ఏ.ఇ.ఎస్. ఎంపిక (1997–2001):

1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్లలోపు ఖర్చుతో నిర్మించిన యంత్రం డి.ఇ.ఎస్. తాళపుచెవిని మూడు రోజుల్లోపే కనుగొంది. దాంతో 56 బిట్ల తాళపుచెవికి కాలం చెల్లిందని బహిరంగంగా రుజువైంది. డి.ఇ.ఎస్.ను మూడుసార్లు వరుసగా ప్రయోగించే ప్రత్యామ్నాయం అప్పటికే ఉన్నా, దానికి పని కూడా మూడు రెట్లయ్యేది. అసలే మందకొడిగా ఉన్న గూఢలిపి మరింత భారమైంది.

ఈ పరిస్థితిని ముందే గుర్తించిన అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 1997లో కొత్త గూఢలిపి కోసం బహిరంగ పోటీని ప్రకటించింది. 1998లో పదిహేను ప్రతిపాదనలు పరిశీలనకు వచ్చాయి. 1999లో మార్స్, ఆర్.సి.6, రైన్‌డాల్, సర్పెంట్, టూఫిష్ అనే ఐదు తుది దశకు చేరాయి. భద్రతతో పాటు వివిధ ప్రాసెసర్ల మీద వేగం, స్మార్ట్‌కార్డు వంటి చిన్న పరికరాల్లో పట్టే జాగా కూడా ఈ ఎంపికలో కొలమానాలయ్యాయి. సర్పెంట్ 32 ఆవృత్తులతో భద్రత విషయంలో ఎక్కువ జాగ్రత్త పాటించింది కానీ సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా నడిచేది. చివరకు బెల్జియం శాస్త్రజ్ఞులు యోవాన్ దామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన రైన్‌డాల్ 2000 అక్టోబరులో ఎంపికై, 2001 నవంబరులో ఏ.ఇ.ఎస్. పేరుతో ప్రమాణంగా వెలువడింది. తాళపుచెవి నిడివిని బట్టి ఇందులో 10, 12 లేదా 14 ఆవృత్తులు ఉంటాయి.

గూఢలిపి ఎంపికలో వేగానికి ఇంతటి ప్రాధాన్యం లభించడం ఒక చారిత్రక మలుపు. నెమ్మదిగా నడిచే భద్రతను ప్రజలు వాడరన్న వాస్తవాన్ని ప్రమాణాల స్థాయిలోనే అంగీకరించినట్లయింది.

5. వ్యక్తిగత కంప్యూటర్లలో ప్రవేశం (2003–2010):

ఏ.ఇ.ఎస్. వచ్చిన కొద్దికాలానికే ఎన్‌క్రిప్షన్ నిల్వలు వ్యక్తిగత కంప్యూటర్లలోకి ప్రవేశించాయి. 2003లో ఆపిల్ సంస్థ మ్యాక్ ఓఎస్ టెన్ 10.3లో ఫైల్‌వాల్ట్‌ను అందించింది. 2004లో ట్రూక్రిప్ట్ మొదటి రూపం వెలువడింది. అదే ఏడాది లినక్స్ కెర్నల్‌లో డిఎం-క్రిప్ట్ చేరింది. 2007 జనవరిలో విపణిలోకి వచ్చిన విండోస్ విస్టాలో బిట్‌లాకర్ వచ్చింది. అయితే బిట్‌లాకర్ విస్టా అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్ రూపాలకే పరిమితమైంది. ఇళ్లలో సాధారణంగా వాడే హోమ్ రూపాల్లో అది లేదు.

ఈ కాలంలో డౌన్‌లోడ్ దృష్ట్యా రెండు సాంకేతిక సమస్యలు ముఖ్యమైనవి. మొదటిది గొలుసు పద్ధతి. తొలి డిస్క్ ఎన్‌క్రిప్షన్లలో ఎక్కువగా వాడిన సి.బి.సి. పద్ధతిలో ఒక సెక్టారు లోపలి ప్రతి ఖండమూ తన ముందున్న ఖండం ఫలితం మీద ఆధారపడుతుంది. రాసేటప్పుడు మొదటిది పూర్తయితే తప్ప రెండోది మొదలు కాదు. చదివేటప్పుడు ఈ నిర్బంధం లేదు. అందువల్ల సమాచారాన్ని చదవడం కంటే రాయడం ఎక్కువ సమయం తీసుకుంటుంది. డౌన్‌లోడ్ ప్రధానంగా రాసే పనే కాబట్టి ఆ భేదం ప్రభావం దానిమీద నేరుగా పడింది. ఖండాలను ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏకకాలంలో మార్చగల ఎక్స్.టి.ఎస్. పద్ధతిని ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 2007లో ప్రమాణీకరించింది. 2010లో ఎన్.ఐ.ఎస్.టి. కూడా దానిని ఆమోదించింది. బిట్‌లాకర్‌లో మాత్రం ఈ పద్ధతి 2015 నవంబరు నాటి విండోస్ 10 నవీకరణతో వచ్చింది.

రెండవది వేగానికీ గోప్యతకూ మధ్య తలెత్తిన వైరుధ్యం. సాఫ్ట్‌వేర్‌లో ఏ.ఇ.ఎస్.ను వేగంగా నడపడానికి ముందే లెక్కించిన పట్టికలను వాడేవారు. ఈ పట్టికలు ప్రాసెసర్ క్యాష్‌లో ఏయే చోట్లను తాకుతున్నాయో కొలిచి తాళపుచెవిని ఊహించవచ్చని 2005 ప్రాంతంలో జరిగిన పరిశోధనలు వెల్లడించాయి. ఓస్విక్, షమీర్, ట్రోమర్ అనే ముగ్గురు పరిశోధకులు డిఎం-క్రిప్ట్ నిల్వ మీదనే ఈ ప్రయోగం చేశారు. అదే యంత్రంలో నడిచే మరో ప్రోగ్రామ్ ద్వారా 65 మిల్లీసెకన్ల కొలతలతో పూర్తి తాళపుచెవిని రాబట్టగలిగారు. వేగం కోసం వేసిన పట్టికే రహస్యాన్ని బయటపెట్టింది. పట్టికలు లేకుండా జాగ్రత్తగా రాస్తే అప్పటి సాధారణ ప్రాసెసర్ల మీద వేగం తగ్గేది. ఈ చిక్కుముడికి సాఫ్ట్‌వేర్‌లో తేలికైన పరిష్కారం లేకపోవడంతో దృష్టి చిప్ వైపు మళ్లింది.

6. చిప్‌లోకి చేరిన గూఢలిపి – కొత్త అంతరాలు (2008–2011):

ఇంటెల్ సంస్థ 2008లో ప్రకటించి 2010లో విపణిలోకి తెచ్చిన ప్రాసెసర్లలో ఏ.ఇ.ఎస్. కోసం ఆరు ప్రత్యేక ఆదేశాలు చేరాయి. గూఢలిపిలోని ఒక ఆవృత్తి మొత్తం ఒకే ఆదేశంతో పూర్తవుతుంది. పట్టికల అవసరం లేకపోవడం వల్ల క్యాష్ ద్వారా రహస్యం బయటపడే మార్గమూ మూసుకుపోయింది. వేగం, భద్రత రెండూ ఒకేసారి మెరుగయ్యాయి. అంతకుముందే 2009 నాటి ఐఫోన్ 3జి.ఎస్.తో ఆపిల్ తన ఫోన్లలో హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్‌ను ప్రవేశపెట్టింది. ఫ్లాష్ నిల్వకూ ప్రధాన జ్ఞాపకశక్తికీ మధ్య సమాచారం ప్రయాణించే దారిలోనే గూఢలిపి యంత్రాంగాన్ని అమర్చడం ఆపిల్ అనుసరించిన విధానం.

1977 నాటి ప్రమాణం గూఢలిపి హార్డ్‌వేర్‌లోనే ఉండాలని నిర్దేశించింది. మూడు దశాబ్దాల తరువాత పరిశ్రమ మళ్లీ అక్కడికే చేరింది. అయితే ఈ తిరుగు ప్రయాణం అందరికీ ఒకేసారి ఫలితం ఇవ్వలేదు. 2010, 2011 సంవత్సరాల్లో ఇంటెల్ ఈ ఆదేశాలను ఐ5, ఐ7 శ్రేణుల్లోని అనేక ప్రాసెసర్లకు ఇచ్చింది. అదే తరానికి చెందిన ఐ3, పెంటియమ్, సెలెరాన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఇవ్వలేదు. ఎక్కువ ధర పెట్టినవారికి ఎన్‌క్రిప్షన్ భారం దాదాపు కనిపించనంతగా తగ్గింది. తక్కువ ధర కంప్యూటరు కొన్నవారికి అదే సాఫ్ట్‌వేర్ భారంగానే మిగిలింది. విస్టా కాలంలో సాఫ్ట్‌వేర్ రూపాల మధ్య ఉన్న అంతరం ఇప్పుడు చిప్‌ల మధ్య కనిపించింది.

7. ఫోన్లు – భద్రతకు ఆర్థిక హద్దు (2014–2019):

ఈ అంతరం అత్యంత స్పష్టంగా బయటపడింది ఆండ్రాయిడ్ ఫోన్లలో. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో కొత్త పరికరాలకు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి కానున్నదని గూగుల్ సూచించింది. ఆ ఏడాది వచ్చిన నెక్సస్ 6 అదే విధంగా వెలువడింది. దాని ప్రాసెసర్ 32 బిట్ల తరానికి చెందినది, అందులో ఏ.ఇ.ఎస్. కోసం ప్రత్యేక ఆదేశాలు లేవు. ఆనంద్‌టెక్ పత్రిక జరిపిన పరీక్షల్లో ఎన్‌క్రిప్షన్ వల్ల వరుసక్రమంలో చదివే వేగం 80.7 శాతం, చెదురుమదురుగా రాసే వేగం 50.5 శాతం తగ్గినట్లు తేలింది. 2015 తొలి నెలల్లో గూగుల్ ఆ నిబంధనను సడలించింది. అదే సంవత్సరం వచ్చిన ఆండ్రాయిడ్ 6.0లో నిబంధన తిరిగి వచ్చినా, ఒక హద్దు విధించారు. సెకనుకు 50 మెబీబైట్ల కంటే ఎక్కువ వేగంతో ఏ.ఇ.ఎస్. నడపగల పరికరాలకే అది వర్తించింది.

పైకి ఇది సాంకేతిక కొలత. ఆచరణలో ఇది ఆర్థిక హద్దు. ఆ వేగం అందుకోలేనివి చవక ఫోన్లే. ఫోనే ఏకైక కంప్యూటరుగా ఉన్న కోట్లాది మంది వాటినే వాడతారు. భారతదేశంలోనూ, అందులో భాగంగా తెలుగు రాష్ట్రాల్లోనూ బ్యాంకు లావాదేవీలు, గుర్తింపు పత్రాలు, కుటుంబ చిత్రాలు అన్నీ అటువంటి ఫోన్లలోనే ఉండడం సర్వసాధారణం. రక్షణ ఎక్కువగా కావలసిన చోటనే మినహాయింపు లభించింది.

పరిష్కారం కోసం గూగుల్ ముందుగా అమెరికా జాతీయ భద్రతా సంస్థ రూపొందించిన 'స్పెక్' గూఢలిపిని ఎంచుకుంది. 2018లో అది లినక్స్ కెర్నల్‌లోనూ చేరింది. రూపకర్తల మీద ఉన్న అపనమ్మకం కారణంగా తీవ్ర వ్యతిరేకత రావడంతో గూగుల్ వెనక్కి తగ్గింది. కెర్నల్ నుంచి కూడా దానిని తొలగించారు. వేగం ఒక్కటే చాలదని, గూఢలిపి పుట్టుక మీద నమ్మకం కూడా అవసరమని ఈ ఉదంతం నిరూపించింది.

2019 ఫిబ్రవరిలో గూగుల్‌కు చెందిన పాల్ క్రౌలీ, ఎరిక్ బిగ్గర్స్ రూపొందించిన అడియాంటమ్ పద్ధతి వెలువడింది. డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించిన ఛాఛా గూఢలిపి దీనికి ప్రధాన ఆధారం. కూడిక, బిట్ల భ్రమణం వంటి సరళమైన ప్రక్రియలతో నడవడం వల్ల ప్రత్యేక ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద కూడా ఇది వేగంగా పనిచేస్తుంది. 4096 బైట్ల సెక్టారు మొత్తానికి ఏ.ఇ.ఎస్. ప్రక్రియ ఒక్కసారే అవసరమవుతుంది. చవక ఫోన్లలో వాడే కార్టెక్స్-ఏ7 ప్రాసెసర్ మీద ఇది బైటుకు సుమారు 10.6 ఆవర్తనాలతో పనిచేస్తుందనీ, ఎక్స్.టి.ఎస్. పద్ధతిలోని 256 బిట్ల ఏ.ఇ.ఎస్. కంటే దాదాపు ఐదు రెట్లు వేగవంతమైనదనీ రూపకర్తలు పేర్కొన్నారు. దీని తరువాత, ఆండ్రాయిడ్ 10తో కొత్తగా వెలువడే పరికరాలన్నింటికీ మినహాయింపు లేకుండా ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేశారు.

బలహీన యంత్రాన్ని మినహాయించడానికి బదులు, ఆ యంత్రాన్నే కొలమానంగా తీసుకొని గూఢలిపిని రూపొందించడం ఇక్కడ జరిగింది. ఈ చరిత్రలో ఇది అరుదైన ఘట్టం.

8. పనుల వరుసలో దాగిన ఆలస్యం (2017–2020):

గూఢలిపి వేగవంతమైన తరువాత కూడా మందగమనం పూర్తిగా పోలేదు. కారణం ఈసారి ఆపరేటింగ్ సిస్టమ్‌లో కనిపించింది. 2020లో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఇంజినీర్లు తమ సర్వర్లలో డిఎం-క్రిప్ట్ నిల్వల వేగాన్ని పరిశీలించారు. ప్రాసెసర్ ఏ.ఇ.ఎస్.ను ఎంతో వేగంగా నడపగలిగినా, నిల్వ నుంచి లభించే వేగం మాత్రం దానిలో చిన్న భాగమే ఉన్నట్లు గుర్తించారు. డిఎం-క్రిప్ట్ ప్రతి పనిని వెంటనే చేయకుండా వేర్వేరు వరుసల్లో నిలబెట్టి, ఒక వరుస నుంచి మరో వరుసకు అప్పగించడమే ఆలస్యానికి కారణమని తేల్చారు.

ఆ వరుసలు అకారణంగా పుట్టినవి కావు. తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్క్‌లో చదివే ముల్లు ఒకచోటి నుంచి మరోచోటికి కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది. రాయవలసినవాటిని కూడబెట్టి, స్థానాల ప్రకారం క్రమబద్ధం చేసి పంపితే అక్కడ ఎంతో సమయం కలిసివస్తుంది. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి.లకు ఆ అవసరం లేదు. పాత యంత్రానికి మేలు చేసిన ఏర్పాటు కొత్త యంత్రానికి అడ్డంకి అయింది. వరుసలను తప్పించి పనిని వెంటనే జరిపించే మార్పులతో వేగం దాదాపు రెట్టింపైంది. ఆ వెసులుబాట్లు 2020లోనే లినక్స్ 5.9లో భాగమయ్యాయి. అంతకుముందు 2017లో, లినక్స్ 4.10లో, నేపథ్యంలో సాగే భారీ రాతపని ఇతర పనులకు అడ్డుపడకుండా దాని ఉరవడిని నియంత్రించే ఏర్పాటు చేరింది. గాబు నిండినప్పుడు యంత్రమంతా స్తంభించే సమస్యకు ఇది సమాధానం.

ఇదే కాలంలో విండోస్ వైపు మరో పరిణామం సంభవించింది. ఎస్.ఎస్.డి. తానే గూఢలిపి పని చేయగలనని చెప్పినప్పుడు బిట్‌లాకర్ ఆ పనిని దానికే వదిలేసేది. దానివల్ల ప్రాసెసర్ మీద భారం ఉండేది కాదు. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు ఎస్.ఎస్.డి.ల అంతర్గత ఎన్‌క్రిప్షన్‌లో తీవ్రమైన లోపాలను బయటపెట్టారు. కొన్నింటిలో సంకేతపదం తెలియకుండానే సమాచారాన్ని చదవవచ్చని తేలింది. దీంతో మైక్రోసాఫ్ట్ 2019 సెప్టెంబరు నవీకరణతో ఆ పనిని కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసే డిస్క్‌ల విషయంలో తిరిగి సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. వేగం కొంత తగ్గినా నమ్మకం పెరిగింది. కనిపించని చోట జరిగే వేగవంతమైన పని సరిగానే జరుగుతోందని పైకి తెలిసే మార్గం లేదని ఈ సంఘటన హెచ్చరించింది.

9. పరిశోధన రంగానికి అన్వయం:

ఈ చరిత్రకు విశ్వవిద్యాలయ పరిశోధనతో సంబంధం లేకపోలేదు. క్షేత్రపర్యటనలో సేకరించిన మౌఖిక కథనాలు, జానపద కళారూపాల దృశ్యాలు, వక్తల వ్యక్తిగత వివరాలు నేడు పరిశోధకుల ల్యాప్‌టాప్‌లలోనే ఉంటున్నాయి. కులవివక్ష, గృహహింస, వలస వంటి అంశాలపై తమ అనుభవాలు చెప్పినవారి గొంతులు వాటిలో ఉంటాయి. ఆ ల్యాప్‌టాప్ బస్సులో పోయినా, మరమ్మతుకు ఇచ్చినా ఆ గొంతులు అపరిచితుల చేతికి చేరే ప్రమాదం ఉంది. వ్యక్తిగత సమాచారాన్ని సేకరించేవారు సహేతుకమైన రక్షణ చర్యలు తీసుకోవాలని భారత పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పేర్కొంటుంది. పరిశోధన ప్రయోజనాలకు షరతులతో మినహాయింపు ఉన్నా, నమ్మి మాట్లాడినవారి పట్ల పరిశోధకుడికి ఉండే నైతిక బాధ్యతకు మినహాయింపు లేదు.

డౌన్‌లోడ్ మందగించిందన్న కారణంతో ఎన్‌క్రిప్షన్‌ను తొలగించే ముందు కారణం ఎక్కడుందో పరీక్షించుకోవడం ఈ బాధ్యతలో భాగం. లినక్స్‌లో 'క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్' అనే ఆజ్ఞతో, వెరాక్రిప్ట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో అంతర్గతంగా ఉన్న పరీక్షతో ప్రాసెసర్ గూఢలిపి వేగాన్ని తెలుసుకోవచ్చు. సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ అందించేది గరిష్ఠంగా 12.5 మెగాబైట్లే. పరీక్షలో అంతకు ఎన్నో రెట్లు వేగం కనిపిస్తే గూఢలిపిని నిందించడానికి ఆధారం లేదు. అప్పుడు చూడవలసినవి డిస్క్ వేగం, ర్యామ్ పరిమాణం, వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ తనిఖీ, తాత్కాలిక దస్త్రం ఒక డిస్క్‌లో ఉండి తుది దస్త్రం మరో డిస్క్‌కు నకలు కావడం వంటి అంశాలు.

10. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. ఎన్‌క్రిప్షన్ నిల్వల మందగమనానికి ఒకే శాశ్వత కారణం లేదు. 1990లలో సాఫ్ట్‌వేర్ గూఢలిపి, 2014 నాటి ఫోన్లలో తగిన ఆదేశాలు లేని చిప్, 2020 నాటి సర్వర్లలో పనుల వరుస ప్రధాన కారణాలుగా నిలిచాయి.

2. ఒక దశలో వేగం కోసం చేసిన ఏర్పాటు మరో దశలో ఆలస్యానికో, భద్రతా లోపానికో దారితీసింది. ఏ.ఇ.ఎస్. పట్టికలు, డిఎం-క్రిప్ట్ వరుసలు, ఎస్.ఎస్.డి. అంతర్గత ఎన్‌క్రిప్షన్ ఇందుకు నిదర్శనాలు.

3. వేగవంతమైన భద్రత ముందుగా ఖరీదైన పరికరాలకే అందింది. విస్టా రూపాలు, ఐ3 ప్రాసెసర్లు, ఆండ్రాయిడ్ 6.0 హద్దు ఒకే ధోరణికి మూడు రూపాలు.

4. బలహీన యంత్రాన్ని కొలమానంగా తీసుకున్నప్పుడు ఈ ధోరణి మారగలదని అడియాంటమ్ నిరూపించింది. భద్రతను అందరి హక్కుగా భావిస్తే దాని వేగాన్ని కొలవవలసింది ప్రయోగశాలలోని ఉత్తమ కంప్యూటరు మీద కాదు. సామాన్యుడి చేతిలోని చవక ఫోను మీద.

5. మందగమనాన్ని భరించలేక తాళాన్నే తీసివేయడం వినియోగదారుడి తప్పిదంగా మాత్రమే చూడదగింది కాదు. అతడికి తగిన తాళాన్ని తయారు చేయలేకపోయిన వ్యవస్థ వైఫల్యం కూడా అందులో ఉంది. ఎన్‌క్రిప్షన్ చరిత్రను గూఢలిపుల చరిత్రగానే కాక, నిరీక్షణ భారం సమాజంలో ఎలా పంపిణీ అయిందో తెలిపే చరిత్రగా అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.